తోరా పేరుతో వెళ్ళిన ఉత్తరాలు

"మీ కుర్చీలో కూర్చున్నట్టున్నాను. లేవమంటే లేస్తాను," అన్నాడు స్టుర్లా. అన్నాడే గానీ, లేవలేదు.

అతను వచ్చి అప్పటికి గంటయింది. వస్తూనే బూట్లు విప్పి, రెండింటినీ గోడకు సమానంగా సర్ది, మేజోళ్ళతో వంటింట్లోకి వచ్చాడు. కిటికీ పక్క బల్ల దగ్గర, తోరా తన వీడియోలన్నీ తీసుకునే చోట, సరిగ్గా ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. కాఫీ పోస్తే పుచ్చుకున్నాడు కానీ తాగలేదు. తన భార్య మారిట్ ఇల్లు వదిలి వెళ్ళి తొమ్మిది రోజులయిందని ఈ గంటలో మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ గొంతు ఒకలాగే ఉంది.

బయట ఫిబ్రవరి వాన మంచుతో కలిసి అద్దాలను కొడుతోంది. పొయ్యి మీద, ప్రతి శనివారం కాచే జావ ఉడుకుతోంది. తోరా భర్త ఐవిన్ గరిటె పట్టుకుని, ఇటు తిరగకుండా కలుపుతున్నాడు. చెల్లెలు రాగ్నా ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి, మోగకుండా చేసిన ఫోన్‌ను పదేపదే చూసుకుంటోంది.

"నేను అరిచే మనిషిని కాను తోరా గారూ. మా వీధిలో ఎవర్నయినా అడగండి."

"మీరు అరిచారని ఎవరూ అనలేదు."

"నోటితో అనలేదు. రాశారు." స్టుర్లా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో నున్నగా సాపు చేశాడు. "ఇది మీరు మా ఆవిడకి రాసిన జవాబు. ఒకసారి చదవండి. గట్టిగా అక్కర్లేదు."

తోరా చదివింది.

'మారిట్, ఇది కూర్చుని మాట్లాడుకుంటే తెగే సంగతి కాదు. మాట వినే మనిషికైతే ఇంతదాకా రానే రాదు. ఒకే ఇంట్లో ఉంటూ ఎదుటి మనిషి మాట వినకుండా ఏళ్ళకేళ్ళు గడిపేసేవాళ్ళుంటారు, నాకు తెలుసు. ఆయన పనికి వెళ్ళిన రోజు చూసుకుని బయల్దేరు. ఎక్కడికన్నది ఇక్కడ రాయకు. ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. తోరా.'

కింద నంబరు ప్రింటులో సగం చెరిగిపోయి ఉంది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. పేరు తనదే, మాటలు మాత్రం తనవి కావు.

'వెళ్ళిపో' అన్న మాట తోరా ఎవరికీ రాయదు. 'ఉండు' అని కూడా రాయదు. పదకొండేళ్ళు కుటుంబ సలహా కేంద్రంలో పనిచేసి, నాలుగేళ్ళ కిందట ఆ ఉద్యోగం మానేసి, ఇదే బల్ల మీద మూడంటే మూడు ఉత్తరాలతో ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆమె పెట్టుకున్న మొదటి నియమం అది. దానికి 'వంటింటి బల్ల' అని పేరు పెట్టింది తను. ఆ పేరును దేశమంతా మోసింది రాగ్నా. నెలనెలా చందా కట్టి, ఆమె పాఠాలు చూసి, ఉత్తరాలు రాసి జవాబు కోసం ఎదురుచూసే ఆలుమగలు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఎల్లుండి సోమవారం ఓస్లో నుంచి ఒక పెద్ద సంస్థవాళ్ళు చేతులు కలపడానికి వస్తున్నారు.

"ఇది నేను రాసింది కాదు," అంది తోరా.

"సంతకం మీదే కదా."

"పేరు నాదే. కానీ రాసింది నేను కాదు. అసలు ఇది మీ చేతికెలా వచ్చింది?"

"మారిట్ రహస్యపదం మా పెళ్ళి తారీఖు." స్టుర్లా మొదటిసారి నవ్వాడు. "దాని ఉత్తరాలన్నీ మొదట్నుంచీ చదువుతూనే ఉన్నాను. మీ పాఠాలు కూడా. నేనూ చందా కడుతున్నాను. నాలుగో పాఠం నాకు నోటికొచ్చు. ఎదుటి మనిషిని నిందించకు, నీకేమనిపిస్తోందో చెప్పు. అదే చెప్తున్నాను. ఇల్లు ఖాళీగా అనిపిస్తోంది. నాకు మోసం జరిగిందనిపిస్తోంది. మీరు నేర్పిన మాటలే కదా?"

సలహా కేంద్రంలో తోరా అరిచే మగవాళ్ళను చూసింది, బల్ల గుద్దేవాళ్ళను చూసింది. ఇలాంటివాణ్ణి చూడలేదు. తను కుట్టిన చొక్కానే దొంగ తొడుక్కుని ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుంది.

"చూడండి, సోమవారం తర్వాత మేం లోపల విచారించుకుని..." అంటూ రాగ్నా ముందుకు వచ్చింది.

"అంతదాకా ఎందుకండీ." స్టుర్లా ఫోన్ తీశాడు. "ఈ నంబరు నా దగ్గర తొమ్మిది రోజులుగా ఉంది. ఇంతవరకూ చెయ్యలేదు. చేస్తే మీ ఎదురుగానే చెయ్యాలని ఆగాను."

నంబరు నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టాడు.

ఒక్క క్షణం వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత పొయ్యి దగ్గర, ఐవిన్ పని దుస్తుల జేబులో, ఫోన్ మోగింది.

ఐవిన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఫోన్ మోగుతూనే ఉంది. తోరా భర్త వీపునే చూస్తోంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా తెలిసిన వీపు అది. ఓడల కార్ఖానాలో తీగలు లాగి లాగి ఒకవైపు కాస్త వంగింది. ఇప్పుడు మాత్రం ఎవరో పరాయివాడు నిలబడ్డట్టుంది.

అడుగంటిన వాసన వచ్చింది. స్టుర్లా లేచి, ఐవిన్ పక్కనుంచే చెయ్యి చాచి పొయ్యి ఆపేశాడు. గిన్నె తీసి పక్కన పెట్టాడు.

"మాడుతోంది," అన్నాడు.

ఐవిన్ ఇటు తిరిగాడు. ముఖం పాలిపోయింది కానీ గొంతు స్థిరంగానే ఉంది. "నేనే రాశాను. ఆమెకు తెలీదు. ఏదైనా అడగాలనుకుంటే నన్నడుగు."

"ఒక్కటే అడుగుతాను. నా భార్య ఎక్కడ?"

"చెప్పను."

"బతికుందా?"

"నీ ఇంట్లో ఉన్నప్పటికంటే బాగానే బతికుంది."

స్టుర్లా తల ఊపాడు, ఏదో లెక్క సరిపోయినట్టు. తన కాఫీ కప్పును తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, చల్లారిన కాఫీ పారబోసి, కడిగి, తుడిచి, బోర్లించాడు. అక్కడున్న మిగతా కప్పుల పిడులన్నీ ఒకే వైపుకు తిప్పాడు. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు వేసుకున్నాడు.

"నిజం చెప్పినందుకు థాంక్స్. చాలా ఇళ్ళల్లో ఆమాత్రం కూడా ఉండదు."

"నేను కారు దాకా వస్తాను," అని కోటు అందుకుని రాగ్నా అతని వెనకే వెళ్ళింది.

తలుపు మూసుకుంది. తోరా కిటికీలోంచి చూసింది. వానలో బూడిద రంగు కారు పక్కన ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"ఎప్పట్నుంచి?" అంది, ఇటు తిరగకుండానే.

"జనవరిలో నువ్వు నిమోనియాతో పడకేసినప్పట్నుంచి."

"నేను మంచం మీదుంటే నా పేరుతో ఊళ్ళోవాళ్ళ కాపురాలు నువ్వు దిద్దావన్నమాట."

"ఉత్తరాలు కుప్ప పడ్డాయి తోరా. ఇరవై నాలుగు గంటల్లో జవాబు వెళ్ళకపోతే జనం వెళ్ళిపోతారని రాగ్నా తల పట్టుకుంది. నువ్వే కదా జ్వరంలో, కాస్త చూసుకో అన్నావు."

"చూసుకోమన్నాను. మీ మొగుణ్ణి వదిలేసి పొండి అని రాయమన్నానా?"

"ఒక్కరికే రాశాను. మిగతా అందరికీ నువ్వు రాసిపెట్టుకున్న జవాబులే పంపాను, ఒక్క అక్షరం మార్చకుండా."

"మరి ఈవిడేం పాపం చేసింది? ఈవిడకి మాత్రం ఎందుకు మార్చావు?"

ఐవిన్ మాడిన గిన్నెలో నీళ్ళు పోశాడు. చుయ్యిమంది.

"నేను లేచి తిరగడం మొదలెట్టి నెల కావస్తోంది," అంది తోరా. "ఈ నెలలో ఆవిడ రాయలేదా?"

"రాసింది. నీ దాకా రానివ్వలేదు."

"ఎందుకు?"

"నీ దాకా వస్తే మళ్ళీ పదకొండో నంబరు పంపుతావని భయపడ్డాను."

తోరా చటుక్కున ఇటు తిరిగింది. పదకొండో నంబరు ఆమెకు బాగా తెలుసు. ముందే రాసిపెట్టుకున్న నలభై జవాబుల్లో జనానికి ఎక్కువ నచ్చేది అదే. ఒక సాయంత్రం టీవీ ఆపి ఎదురెదురుగా కూర్చోండి, నిందించకుండా మీకేమనిపిస్తోందో మెల్లగా చెప్పండి. పేరొక్కటి మార్చి పంపడమే.

ఐవిన్ తన ఫోన్‌లో ఏదో వెతికి ఆమె ముందు పెట్టాడు. "అక్టోబరులో ఆవిడ నీకు మొదటి ఉత్తరం రాసింది. నాకు కాదు, నీకు. ఫోన్ చేసినా ఆయన పక్కనే నిలబడతాడని, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసిపెట్టుకుంటాడని. దానికి నువ్వు పదకొండు పంపావు. ఆవిడ నువ్వు చెప్పినట్టే చేసింది. తర్వాత ఏం జరిగిందో చదువు."

తోరా చదివింది. 'తోరా గారూ, మీరు చెప్పినట్టే కూర్చుని చెప్పాను. ఆయన అంతా విన్నారు. మర్నాటి నుంచి నా చలికాలపు బూట్లు కారు డిక్కీలో పెట్టి తాళం వేసుకుని పనికి వెళ్తున్నారు. ఎందుకని అడిగితే, నువ్వు బయటికి వెళ్తే నాకు భయంగా అనిపిస్తోంది, నాకేమనిపిస్తోందో చెప్తున్నానంతే అంటున్నారు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?'

"దీనికి..." తోరా తెరను కిందికి జరిపింది. "దీనికి నేనేం రాశాను?"

"పదకొండు. మళ్ళీ."

ఆమె కుర్చీ వెతుక్కుంది. స్టుర్లా కూర్చున్న కుర్చీ తప్ప ఇంకేదీ చేతికందలేదు. అందులో కూర్చోలేక, నిలబడే ఉంది. ఆ ఉత్తరం తనకు గుర్తే లేదు. అక్టోబరులో ఎన్ని వచ్చాయో, ఎన్ని పంపిందో. సలహా కేంద్రంలో అయితే ఎదురుగా ముఖం ఉండేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే భుజాలు ఉండేవి. ఇక్కడ ఉన్నది అక్షరాలే.

"ఒకే ఇంట్లో ఉంటూ ఎదుటి మనిషి మాట వినకుండా ఏళ్ళు గడిపేసేవాళ్ళు," అంది. "ఆ మాట ఆవిడ గురించి రాశావా, నా గురించా?"

ఐవిన్ గిన్నె అడుగు గీరడం మొదలెట్టాడు.

"చెప్పు."

"రాసేటప్పుడు నాకూ తెలీలేదు," అన్నాడు.

రాగ్నా లోపలికి వచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. "పాపం, కార్లో కూర్చుని ఏడుస్తున్నాడక్కా. చిన్నపిల్లాడిలా. పది నిమిషాలు ఆవిడతో మాట్లాడనిస్తే చాలంటున్నాడు."

"ఏడ్చేవాళ్ళంతా మంచివాళ్ళు కారు," అన్నాడు ఐవిన్.

"నువ్వు మాట్లాడకు బావా. నీ పుణ్యాన నాలుగేళ్ళ కష్టం గంగపాలయ్యేలా ఉంది. ఇంతకీ ఆవిడెక్కడ?"

ఐవిన్ భార్యకేసి చూశాడు. "మన చెక్కింట్లో."

సముద్రపు పాయకు అవతలి ఒడ్డున, తోరా తండ్రి కట్టించిన చిన్న చెక్క ఇల్లు అది. వేసవిలో తప్ప ఎవరూ వెళ్ళరు.

"మన ఇంట్లోనా?" తోరా నమ్మలేకపోయింది. "మొన్న గురువారం పైపులు గడ్డకట్టాయని వెళ్ళావే..."

"పైపులు బాగానే ఉన్నాయి. కట్టెలు, చేపలు ఇచ్చి వచ్చాను. ఫోన్ ఆపేయమన్నాను, దాంతో జాడ తీస్తాడని. మన పాత టాబ్లెట్ ఒకటి అక్కడుంది. నీ పాఠాలు చూసుకుంటోంది."

"నీకూ ఆవిడకీ మధ్య..."

"ఏమీ లేదు."

"ఇరవై ఒక్క ఏళ్ళలో నాకు నువ్వు ఇంత పొడుగు ఉత్తరం ఒక్కటి రాయలేదు ఐవిన్."

"నువ్వు చదువుతావని ఎప్పుడూ అనిపించలేదు."

రాగ్నా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ గొడవ తర్వాత పెట్టుకోండి. సోమవారం వాళ్ళొచ్చేసరికి వంటింటి బల్ల ఎవరి పెళ్ళాన్నో దాచిపెట్టిందని పేపర్లో పడితే మనం వీధిన పడతాం. ఎవరికీ ఫోన్లు చెయ్యకండి. పోలీసులకి అసలే వద్దు. నేను పైకెళ్ళి ఓస్లో వాళ్ళకి ఏదో ఒకటి చెప్పి వస్తాను." మెట్లు దడదడ ఎక్కి పైగదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మూసిన చప్పుడైంది.

తోరా కోటు అందుకుంది.

"ఎక్కడికి?"

"అవతలి ఒడ్డుకి. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆడవాళ్ళ ఆశ్రయ కేంద్రంలో అప్పజెప్పాలి. నాకు అక్కడివాళ్ళు తెలుసు. ఈ పని అక్టోబరులో చెయ్యాల్సింది."

"వస్తున్నామని ముందు ఒక ముక్క రాయనా?"

"మళ్ళీ రాస్తానంటావేం! ఆవిడకి రాసిన ప్రతి అక్షరం ఆయన చదువుతున్నాడు. ఒక్క ముక్క కూడా రాయొద్దు. మనిషే వెళ్ళాలి."

కార్లను అవతలి ఒడ్డుకు దాటించే పన్నెండుంబావు ఫెర్రీ వరసలో కారు ఆపుకుని, తోరా పోలీసులకు ఫోన్ చేసింది. అవతల ఉన్నాయన ఓపిగ్గా విన్నాడు. కొట్టాడా అని అడిగాడు. లేదంది. బెదిరించాడా అన్నాడు. ఆమె ఆలోచించి, లేదనే చెప్పింది. కప్పు కడిగి బోర్లించాడు, పిడులన్నీ ఒక వైపుకు తిప్పాడు అని ఎలా చెప్పడం? అయినా ఆయన తీసిపారేయలేదు. అవతలి ఒడ్డున ఉన్న బండిని రేవు దగ్గరికి పంపుతాననీ, ప్రమాదమొకటి చూసుకుని రావాలి కనక ముప్పావుగంట పట్టొచ్చనీ అన్నాడు.

"ముప్పావుగంట," అంది తోరా, ఫోన్ పెట్టేసి. "ప్రయాణం ఇరవై నిమిషాలేగా."

"ఆవిడ తలుపు వేసుకునే ఉంటుంది. నేను మూడుసార్లు కొట్టి పేరు చెప్తేనే తీస్తుంది."

"ఎవరి పేరు?"

ఐవిన్ స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు. "మొదటిసారి నీ పేరు చెప్పాను. తోరా పంపింది అన్నాను. నా పేరు చెప్తే తీసేది కాదు."

అంటే ఇంతవరకూ తను చూడని ఆడమనిషి, తను రాయని ఉత్తరం చదివి, తన పేరు విని తలుపు తీసి, తన తండ్రి మంచం మీద తొమ్మిది రోజులుగా పడుకుంటోంది. తోరాకు కోపం తెచ్చుకోవాలనిపించింది. రాలేదు.

ఫెర్రీ గొలుసులు లాగిన చప్పుడైంది. ఒడ్డు వెనక్కి జరిగింది. కార్లలో జనం చాలామంది కాఫీ కోసం పైకి వెళ్ళారు. వీళ్ళిద్దరూ కదల్లేదు. అద్దాల మీద ఆవిరి పట్టింది.

"ఆవిడ ఎలా ఉంటుంది?" అంది తోరా.

"పొట్టిగా. మాట్లాడే ముందు తలుపుకేసి చూస్తుంది."

"నేను నిన్ను వినలేదని ఎప్పట్నుంచి అనిపిస్తోంది?"

"ఇప్పుడా తోరా?"

"ఇప్పుడే. ఇల్లు చేరితే నేను అడగను, నువ్వు చెప్పవు."

ఐవిన్ నోరు తెరిచాడు. అప్పుడే ఎవరో అద్దం మీద వేలితో తట్టారు. మర్యాదగా, రెండుసార్లు.

తోరా ఆవిరి తుడిచింది. స్టుర్లా. ఒక చేతిలో కాగితంలో చుట్టిన అట్లు, ఇంకో చేతిలో ఫోన్.

ఆమె అద్దం రెండంగుళాలు దించింది.

"వేడివేడిగా ఉన్నాయి. మీకు తిండి ఉండి ఉండదు," అన్నాడు అతను. "పైన మంచి వెన్న కూడా పెడుతున్నారు."

"మీరు మమ్మల్ని వెంటాడుతున్నారా?"

"అయ్యో, నేను మీకంటే ముందే ఎక్కానండీ. ముందు వరసలో నాదే మొదటి కారు." అట్ల పొట్లం కారు పైన జాగ్రత్తగా పెట్టాడు. "మీ చెల్లెలు మనసున్న మనిషి. అక్క కూడా ఇదే ఫెర్రీలో వస్తుంది, మధ్యలో కూర్చుని మాట్లాడిస్తుంది అన్నారు. మీరు మారిట్‌కి రాసిన ఉత్తరం కూడా చదివాను. చాలా బాగుంది. ఇది మాత్రం అచ్చం మీ మాటలాగే ఉంది."

"ఏ ఉత్తరం?"

అతను ఫోన్ తెరను అద్దానికి ఆనించాడు.

'మారిట్, నేను ఒంటి గంట లోపలే ఫెర్రీలో వస్తున్నాను. సంచీ సర్దుకుని రేవు దగ్గరికి రా. భయపడకు. దిగగానే నీ పక్కనే ఉంటాను. నీకేమనిపిస్తోందో నాకు ముఖాముఖి చెప్పు. తోరా.'

పంపింది గంట కిందట. రాగ్నా పైగదిలోకి వెళ్ళిన వేళకు.

"వస్తానని జవాబు కూడా రాసింది, చూశారా?" అంటూ స్టుర్లా ఫోన్ జేబులో వేసుకుని, కార్ల మధ్యనుంచి తాపీగా ముందుకు నడిచాడు.

తోరా చెల్లెలికి ఫోన్ కలిపింది. మొదటి మోతకే ఎత్తింది రాగ్నా, ఎదురుచూస్తున్నట్టు.

"నా పేరుతో రాశావా? వాడికి చెప్పావా?"

"అక్కా, అరవకు. నువ్వు అవతలి ఒడ్డుకి వెళ్తానన్నది పైగదిలోకి వినబడింది. నువ్వక్కడే ఉంటావుగా! పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించు. నీకంటే బాగా ఎవరు చేస్తారు? నువ్వు ఎన్ని జంటల్ని కలపలేదు? సోమవారం వాళ్ళకి ఇదే ఒక మంచి కథలా..."

"వాడు ఆవిడ బూట్లు డిక్కీలో దాచి తాళం వేసేవాడే రాగ్నా!"

రాగ్నా చాలా చిన్నగొంతుతో, "నాకెవరూ చెప్పలేదక్కా," అంది.

నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఉత్తరం అక్టోబరు నుంచీ తోరా ఉత్తరాల పెట్టెలోనే ఉంది.

ఇంజను మోత మారింది. ఫెర్రీ వేగం తగ్గించి ఒడ్డుకు తిరిగింది. ఐవిన్ అప్పటికే తలుపు తీసుకుని దిగాడు. "నేను వాణ్ణి ఆపుతాను. నువ్వు ఆవిణ్ణి చూసుకో," అని ఎడమ వరస వెంట పరుగెత్తాడు. తోరా కుడివైపు నుంచి, కార్ల అద్దాలకు కోటు రాసుకుంటూ ముందుకు పడింది. కాఫీ తాగి దిగుతున్న జనం అడ్డొచ్చారు. పసుపుపచ్చ కోటు వేసుకున్న ఫెర్రీ పనివాడు చేతులడ్డం పెట్టి, "కార్లో కూర్చోవాలమ్మా! గేటు దిగుతోంది, కనబడ్డంలా?" అని కేకేశాడు. ఎడమవైపు ఇంకొకతను ఐవిన్ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఐవిన్ ఏదో అరుస్తున్నాడు.

ఇనుప గేటు కిర్రుమంటూ కిందికి వాలింది. దాని పైనుంచి మొదట వాన కనబడింది, తర్వాత కొండ, తర్వాత రేవు.

పోలీసు బండి జాడ లేదు. బస్సు స్టాపు పక్కన ఒక పొట్టి ఆడమనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచీతో, వానలో ఒక్కతే నిలబడి ఉంది.

నడిచి దిగేవాళ్ళ గుంపులో, అందరికంటే ముందు, గేటు నేలను తాకే చోట, స్టుర్లా వీపు కనబడింది. కాలరు పైకి ఎత్తి, ముఖం కిందికి వంచుకుని ఉన్నాడు. అతని చుట్టూ ఏడెనిమిది గొడుగులు తెరుచుకున్నాయి.

"మారిట్!" అని తోరా గొంతు చించుకుంది. "మారిట్, రాకు! వెనక్కి వెళ్ళు!"

గొలుసుల మోతలో, వానలో, కార్లు ఇంజన్లు వేసుకునే రొదలో చివరి మాటలు కొట్టుకుపోయాయి. పేరొక్కటి ఒడ్డు దాకా వెళ్ళింది.

మారిట్ తల ఎత్తింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. చలికాలమంతా, తలుపులు వేసుకుని, చప్పుడు తగ్గించుకుని, రోజుకు ఒకటికి రెండుసార్లు విన్న గొంతు అది. ముఖమంతా నవ్వు పరుచుకుంది. సంచీని గుండెకు హత్తుకుని, ఫెర్రీకేసి పరుగున రాసాగింది.